అబద్ధపు ఆల్ ఓకే

మధ్యాహ్నం రెండింటికి పంజాగుట్ట చౌరస్తా చేరాం. వాన. మా అంబులెన్సు ఫ్లైఓవర్ పక్కన ఆగిపోయింది. ముందు ఆటో, దాని ముందు సిటీ బస్సు, దాని ముందు నీళ్లు. సైరన్ మోగుతూనే ఉంది. ఎవరూ దారి ఇవ్వలేదు. ఇవ్వడానికి దారి లేదు. లోపల స్ట్రెచర్ మీద మా ఆర్మీ పోస్టు రేడియో ఆపరేటర్. కుడికాలు తొడ నుంచి మడమ దాకా కదలకుండా కట్టేసి ఉంది. పక్కన నేను. అటెండెంట్ డ్యూటీ.

ఫౌజులో పనిచేశానంటే జనం మంచుకొండల గురించి అడుగుతారు. తుపాకుల గురించి అడుగుతారు. సర్వీసు అయ్యాక కొన్నేళ్లు ఒక దినపత్రిక డెస్కులో కూర్చున్నాను. అక్కడా అవే ప్రశ్నలు. నేను చెప్పాలనుకున్న డ్యూటీ మాత్రం కొండ మీద జరగలేదు. అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య జరిగింది. తూటా పేలలేదు. అయినా నా సర్వీసు మొత్తంలో అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

సామాను: వీపు సంచి, గ్రౌండ్‌షీట్, స్టీలు మగ్గు, ఫ్లాస్కు, రెండు జతల మామూలు బట్టలు. ఆర్డరు ఫోనులో వచ్చింది. మా సుబేదార్ సాబ్‌ది విజయనగరం వైపు.

"ఒరే, ఆడి కాలు డాక్టర్లు సూసుకుంటారు. ఆడి బుర్ర నువ్వు సూసుకో. ఆడ్ని ఒగ్గేసి ఎటూ కదలకు. సాయంత్రం ఆరింటికి నాకు రిపోర్టు."

"ఎస్ సాబ్."

ఆసుపత్రి చౌరస్తా పక్కనే, వార్డు ఐదో అంతస్తులో. కిటికీ తూర్పుకు. కింద చౌరస్తా, పైన మెట్రో వంతెన. రైలు వెళ్లినప్పుడల్లా మంచం పక్క సెలైన్ స్టాండు సన్నగా వణికేది. ఆపరేటర్ ఇల్లు ఇక్కడికి దగ్గరే, బోరబండలో. సొంత ఊరని మిలిటరీ ఆసుపత్రి వాళ్లు కాలి ఆపరేషన్‌కు ఇక్కడికి పంపారు. తండ్రి లేడు. తల్లి ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దుటి వంట దించి, ఒక గిన్నె సంచిలో పెట్టుకుని నడిచి వచ్చేది.

కాలు ఎలా విరిగిందో చెప్పాలి. మిగతాదంతా దాని మీదే నడిచింది.

కొండ మీద మా పోస్టు కింద ఒక మంచు వాలు ఉండేది. ఆ రోజు ముగ్గురు కిరోసిన్ తేవడానికి కింది పోస్టుకు బయలుదేరారు. వాళ్లలో మా వంటవాడు ఒకడు. వెళ్తూ వెళ్తూ ఆపరేటర్ చేతిలో చాయ్ మగ్గు పెట్టి, "వేడిగా తాగు" అన్నాడు. రేడియో సెట్టు తెరిచే వేళ ఎనిమిదిన్నర. ఆపరేటర్ చాయ్ తాగి, వేళకు సెట్టు తెరిచాడు. వాలు పగిలే ప్రమాదం ఉందని కింది నుంచి హెచ్చరిక వచ్చింది. ఆపరేటర్ బయటికి పరుగెత్తాడు. అప్పటికే మంచు జారింది. ఇద్దరిని తవ్వి బతికించాం. తవ్వుతూ ఆపరేటర్ కాలు రాళ్ల మధ్య విరిగింది. వంటవాడు బతకలేదు.

విచారణ జరిగింది. ఆపరేటర్ తప్పు లేదన్నారు. సెట్టు ముందుగా తెరవమని అతనికి ఆర్డరు లేదు. తెరిచినా ఆ హెచ్చరిక అంతకు ముందు రాలేదు.

ఇదంతా అతనికి తెలుసు. తెలిసినా లాభం లేదు.

"అన్నా, గా చాయ్ తాగకుండ సెట్టు తెరిస్తే?"

"తెరిస్తే ఏం లేదు. అప్పటికి హెచ్చరికే రాలేదు."

"లేదన్నా, వినిపించకపోయినా నేను బయటికొస్తుంటి గదా. అరుస్తుంటి. ఆడు ఆగుతుండె."

ఒకసారి చెబితే వినేవాడు. తల ఊపేవాడు. ఒక మెట్రో రైలు వెళ్లి ఇంకొకటి వచ్చేలోపు మళ్లీ మొదలు. అదే చాయ్, అదే సెట్టు, అదే వాలు. తల్లి ఫ్లాస్కులో చాయ్ తెస్తే మొహం తిప్పుకునేవాడు. అన్నం ముందు పెడితే నాలుగు మెతుకులు. కాలికి రాడ్డు వేశారు, ఎముక అతుక్కోవడం మొదలైంది. మనిషి మాత్రం రోజురోజుకీ లోపలికి పోతున్నాడు.

ఎముకల డాక్టరే మనసు డాక్టరమ్మను పిలిపించారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని అంతా విన్నది. తొందరపడలేదు. మాత్రలు రాసింది. నన్ను బయటికి పిలిచి ఒక మాట చెప్పింది.

"ఆలోచించొద్దు అని మాత్రం అనకండి. అది అతని చేతిలో లేదు. రోజూ ఒక టైము పెట్టండి. ఆ టైములో అంతా చెప్పనివ్వండి. మిగతా టైములో వస్తే, సాయంత్రం చెబుదువుగాని అనండి."

నాకు మా పోస్టు గుర్తొచ్చింది.

మా దగ్గర సంత్రీ మారే పద్ధతి ఒకటుంది. కాపలా దిగేవాడు తాను చూసింది, విన్నది, అనుమానపడింది అంతా నోటితో చెప్పాలి. రాయి దొర్లినా చెప్పాలి, దొర్లినట్టు అనిపించినా చెప్పాలి. ఎక్కేవాడు నవ్వకూడదు. "అదేం లేదులే" అనకూడదు. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. అది పూర్తయ్యాక దిగినవాడు బంకర్లోకి వెళ్లి పడుకోవాలి. మళ్లీ బయటికి వచ్చి తొంగిచూడకూడదు. చూస్తే, ఎక్కినవాడిని నమ్మలేదని అర్థం. ఇంకొక నియమం అన్నిటికంటే పెద్దది. చూడకుండా "ఆల్ ఓకే" అన్నవాడికి క్షమాపణ లేదు. నిద్రపోయిన సంత్రీనైనా ఒకసారి మన్నించేవారేమో గాని, అబద్ధపు ఆల్ ఓకే చెప్పినవాడిని మన్నించరు.

ఆ సాయంత్రం నుంచి ఐదున్నరకు సంత్రీ మార్పు పెట్టాం. అతను రిపోర్టు చెప్పేవాడు. నేను తిరిగి అప్పజెప్పేవాడిని. తరువాత ఇద్దరం కళ్లు మూసుకునేవాళ్లం. మేమిద్దరం క్రైస్తవులమే. కునుకు తీయని కాపరి ఒకడున్నాడని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం. "ప్రభువా, ఈ డ్యూటీ ఇప్పుడు నీది. మేం దిగుతున్నాం" అనేవాడిని. అంతే. పెద్ద ప్రార్థనలు నాకు రావు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని వినేది.

అద్భుతాలేమీ జరగలేదు. కొన్ని రోజులు గంటలోనే మళ్లీ చాయ్ మాట వచ్చేది. "దిగినవాడు తొంగిచూడొద్దు" అనేవాడిని. అతను చిన్నగా నవ్వేవాడు. "జర చూసిన అన్నా. చార్జిషీట్ ఇయ్యి" అనేవాడు. తరువాత ఒక మధ్యాహ్నం పెరుగన్నం మొత్తం తిన్నాడు. తల్లి ఖాళీ గిన్నె నాకు చూపించింది, పతకం చూపించినట్టు.

అప్పుడు వచ్చాడు సంఘ పెద్ద.

తల్లీకొడుకులు వెళ్లే క్రైస్తవ సంఘం అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ హాల్లో కూడేది. వారమంతా కంప్యూటరు పాఠాలు, ఆదివారం ఆరాధన. సంఘ పెద్ద మంచి బట్టల మనిషి. మెత్తని గొంతు. పళ్ల బుట్ట, వెనక నలుగురు. పావుగంట ప్రార్థన చేశాడు. కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. దొంగ కన్నీళ్లు అనను. తరువాత మంచం పక్క బల్ల మీద మాత్రలు చూశాడు.

"ఇవి దేనికి బాబూ?"

"నిద్రకు, అంకుల్. ఫికర్ ఎక్కువైతున్నదని."

"విశ్వాసం ఉన్నచోట చింత ఉండదు. చింత అంటే దేవుణ్ణి నమ్మకపోవడమే. ఈ మాత్రలు వేసుకుంటూ దేవుడు చాలని ఎలా చెబుతావు?"

నేను ఊరుకోలేదు. "సార్, కాలికి రాడ్డు వేసినప్పుడు దేవుడు చాలడా అని మీరు అడగలేదేం?"

"అది శరీరం బ్రదర్. ఇది ఆత్మ."

"బుర్ర ఎవరి శరీరంలో ఉంది సార్?"

పక్క మంచం పెద్దాయన దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. భీమవరం మనిషి, తుంటి విరిగి వచ్చాడు. "ఏంటండీ, మీ దేవుడికి మాత్రలంటే పడదా? ఫర్లేదులెండి, మా వాళ్లలోనూ ఉన్నారు. జాతకం చూపించుకుని మందు మానేసేవాళ్లు."

వచ్చినవాళ్లలో ఒకామెకు నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె సంఘ పెద్ద భార్య అని తరువాత తెలిసింది. ఆయన నవ్వలేదు. ఆపరేటర్ చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పు. దేవుడు నా చింత తీసేశాడని అందరి ముందు పలుకు."

"ఇంక పోలేదు గదా అంకుల్."

"ముందు నోటితో ఒప్పుకో. తరువాత జరుగుతుంది. విశ్వాసమంటే అదే."

ఈ అలవాటు తెలియనివాళ్లకు చెబుతాను. కొన్ని సంఘాల్లో స్వస్థత రాకముందే వచ్చిందని సాక్ష్యం చెప్పిస్తారు. జ్వరం తగ్గకముందే తగ్గిందని. చెప్పాక తగ్గకపోతే మనిషి ఇరుక్కుంటాడు. నాకింకా ఉంది అంటే నిన్న అబద్ధం చెప్పినట్టు. ఉన్నదాన్ని దాచుకుంటే రేపు ఒంటరి. చప్పట్లు కొట్టినవాళ్లు మాత్రం ఇళ్లకు వెళ్లి భోంచేస్తారు.

రెండు రోజుల్లో వాళ్ల సంఘం వాట్సాప్‌లో పోస్టరు వచ్చింది. యూనిఫాంలో ఆపరేటర్ ఫోటో. వెనక మంచుకొండ, అది మా కొండ కాదు. కింద పెద్ద అక్షరాలు: చింతను జయించిన సైనికుడు. తల్లి ఫోను నాకు చూపించింది. హాస్టల్ పిల్లలంతా చూశారట. ఆమె మొహంలో గర్వమూ ఉంది, భయమూ ఉంది.

"సార్, మా వోడు నిజంగనే జయించిండా?"

ఫోను ఆమెకు తిరిగి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆపరేటర్ స్పూను పట్టుకుని మళ్లీ పక్కన పెట్టేశాడు. కళ్లు లోతుకు పోయాయి. అడిగితే చెప్పాడు. మాత్రలు మానేశాడు. సంఘ పెద్ద వచ్చి వెళ్లిన రోజు నుంచే. ఐదున్నరకు రిపోర్టు కూడా "ఆల్ ఓకే అన్నా" అనేస్తున్నాడు. నాకు అనుమానం వచ్చింది గాని, తేలిక పడుతున్నాడేమో అని ఆశ పడ్డాను. డాక్టరమ్మకు కబురు పెట్టాను. ఆవిడ వచ్చి, ఇలా ఒక్కసారిగా మానేయడం ప్రమాదమని గట్టిగానే చెప్పింది. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

"మరి ఆదివారం?" అన్నాను.

అతను ఫోనులో పోస్టరు తీసి నాకు చూపించాడు.

"పోస్టరేసిండ్రు. అమ్మ అందరికి చెప్పుకున్నది. చెప్పకపోతే అమ్మ ఇజ్జత్ పోతది. చెప్తే, మల్ల వచ్చినప్పుడు ఎవలకు చెప్పుకోవాలన్నా?"

అసలు ప్రశ్న ఇదే. కాలు కాదు, సాక్ష్యం కాదు. మళ్లీ వచ్చినప్పుడు చెప్పుకోవడానికి ఈ భూమ్మీద ఒక మనిషి మిగులుతాడా, లేదా?

నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. చింతపడడం అవిశ్వాసమైతే, సిలువకు ముందు తోటలో యేసు పడిన వేదనను ఏమంటారు? ప్రాణం పోయేంత దుఃఖంగా ఉందని ఆయన దాచుకోలేదు. ముగ్గురు మిత్రులను పిలిచి చెప్పాడు. నాతో మెలకువగా ఉండండి అన్నాడు. అది సంత్రీ డ్యూటీ. వాళ్లు నిద్రపోయారు. సువార్త ఆ ముగ్గురి నిద్రను తప్పన్నది గాని, వేదనతో ఆయనకు పట్టిన చెమటను తప్పనలేదు. మన భారం దేవుని మీద వేయమన్నారు, నిజమే. వేయాలంటే ముందు భారం ఉందని ఒప్పుకోవాలి. లేని మూటను ఎవరి మీద వేస్తాం? మనమేమో మూట మోసేవాడిని పట్టుకుని, నీ వీపు మీద ఏమీ లేదని మైకులో చెప్పు అంటున్నాం.

ఆరింటికి సుబేదార్ సాబ్‌కు రిపోర్టు ఇచ్చాను.

"ఆ పెద్దమనిషిని మన పోస్టుకి పంపరా," అన్నారు. "ఒక్క వారం సంత్రీ ఏయిస్తాను. ఆల్ ఓకే అంటే ఏటో తెలుస్తాది." మళ్లీ, "నువ్వు నోరు జారకు. సెప్పాల్సింది ఆడు. ఆడ్నే సెప్పనీ."

ఆదివారం పది గంటలకు డాక్టర్ల అనుమతితో బయలుదేరాం. అమీర్‌పేట. సెలవు రోజైనా జనం. గోడల నిండా కోర్సుల పోస్టర్లు, ఒకదాని మీద ఒకటి. హాలు మూడో అంతస్తులో. ఆదివారం లిఫ్టు ఉండదు. ఆపరేటర్ చంకకర్రలతో ఎక్కాడు. మలుపు మలుపుకూ ఆగాడు. నేను వెనక, పడితే పట్టుకోవడానికి. తల్లి ముందు, చెప్పులు చేతిలో పట్టుకుని.

హాల్లో వంద మంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు. వెనక వరుసలో విద్యార్థుల బెంచీలు. వేదిక వెనక తెల్లబోర్డు మీద శనివారం పాఠం సగం తుడిచి ఉంది. పాటలయ్యాయి. సంఘ పెద్ద మైకు అందుకున్నాడు.

"దేశాన్ని కాపాడిన సైనికుడు! ఆయన చింతను దేవుడు ఎలా తీసేశాడో వినండి!"

చప్పట్లు. హల్లెలూయలు. ఆపరేటర్ ఒక కర్ర గోడకు ఆనించి మైకు పట్టుకున్నాడు. సంఘ పెద్ద వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఏ సైగా చేయలేదు. అతను నిటారుగా నిలబడ్డాడు. సెట్టు ముందు మాట్లాడే గొంతు వచ్చింది.

"రిపోర్ట్. కాలు అతుకుతున్నది. మనసు ఇంక అతకలే. రోజు పొద్దుగాల లేస్తనే ఒక చాయ్ యాదికొస్తది. అది ఇచ్చినోడు చనిపోయిండు. నా తప్పు లేదన్నరు. నా బుర్ర ఒప్పుకుంటలేదు. నడుమల మాత్రలు బంద్ చేసిన, మస్తు తకలీఫైంది, మల్ల వేసుకుంటున్న. దేవుడున్నడు. ఫికర్ సుత ఉన్నది. రెండూ ఉన్నయ్. ఆల్ ఓకే కాదు. ఓవర్."

రేడియోలో ఓవర్ అంటే, నా మాట అయింది, నీ జవాబు కోసం ఆగాను అని.

జవాబు రాలేదు. ముందు వరుసలో ఎవరో ఆమెన్ అనబోయి మింగేశారు. సంఘ పెద్ద మైకు కోసం చెయ్యి చాపాడు. "మన సహోదరుడు ఇంకా కాస్త బలహీనంగా..."

నేను లేచాను. నోరు జారేవాడినే. నాకంటే ముందు తల్లి లేచింది. మైకు లేకుండానే, వంటింట్లోంచి పిలిచినంత గట్టిగా అన్నది.

"విన్న బిడ్డా. కాలు అతుకుతున్నది. మనసు ఇంక అతకలే. చాయ్ యాదికొస్తున్నది. మాత్రలు ఏసుకుంటున్నవు. ఫికరున్నది, దేవుడున్నడు." కొంగు సర్దుకుంది. "ఇగ నువ్వు దిగు. నేనున్న."

రోజూ సాయంత్రం మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఆమె విన్నది వృథా కాలేదు. ఒక్క మాట వదలకుండా అప్పజెప్పింది.

ఆపరేటర్ మైకు దించాడు. చివరి బెంచీ దాకా నడిచి వచ్చాడు. కూర్చున్నాడు. పక్కన తల్లి కూర్చుంది. సంఘ పెద్ద ప్రసంగం మొదలుపెట్టాడు.

సోమవారం వాట్సాప్‌లో కొత్త పోస్టరు. మైకు పట్టుకున్న ఆపరేటర్. కింద: సైనికుని విజయ సాక్ష్యం. నేను సంఘ పెద్దకు ఫోను చేశాను.

"సార్, అతను చెప్పింది మీరు విన్నారా?"

"విన్నాను బ్రదర్. కానీ జనానికి ప్రోత్సాహం కావాలి కదా."

"జనానికి నిజం వద్దా?"

"మీరు ఆవేశంలో ఉన్నారు. మీ కోసం ప్రార్థన చేస్తాం."

ఫోను పెట్టేశాడు. ఆ పోస్టరు తీయలేదు. తరువాత పత్రిక డెస్కులో, చూడనిది చూసినట్టు రాసిన వార్త చేతికి వచ్చినప్పుడల్లా నాకు ఆ పోస్టరే కనిపించేది. నాలాంటి నమ్మకం ఉన్నవాళ్లకే ఇది చెబుతున్నాను. మీ పక్క కుర్చీలో కూర్చున్నవాడు ఎలా ఉన్నావంటే దేవుని కృప వల్ల బాగున్నాను అంటాడు. ఆ మాట అతను చూసి చెప్పాడో, మీకు భయపడి చెప్పాడో కనుక్కోండి. ఆ రెండోదానికి బాధ్యులు మీరు.

ఆపరేటర్‌ను డిశ్చార్జి చేశారు. సిక్ లీవు మీద బోరబండ ఇంటికి చేర్చాను. చింత పోయిందా అంటే, పోలేదు. మాత్రలు వేసుకుంటున్నాడు, డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాడు, ఐదున్నరకు తల్లికి రిపోర్టు ఇస్తున్నాడు. ఆమె హాస్టల్లో ఉంటే ఫోనులో వింటుంది, పప్పు కలుపుతూ. నేను సికింద్రాబాదులో రైలెక్కి యూనిట్‌కు వెళ్లిపోయాను. పోస్టులో కొత్త వంటవాడు చాయ్ ఇచ్చాడు. తాగాను.

నాతో వచ్చిన జ్ఞాపకం ఒక్కటే. ఆ ఆదివారం ప్రసంగం సగంలో ఉండగానే ఆపరేటర్ చివరి బెంచీ మీద నిద్రపోయాడు. ఒరిగిపోయి, తల్లి ఒళ్లో తల, నోరు కొంచెం తెరుచుకుని, రాడ్డు వేసిన కాలు బయటికి చాచి. ఆరాధన అయింది. మధ్యాహ్నం కోచింగ్ క్లాసుంది, హాలు ఖాళీ చేయాలి. అలవాటుగా ఎవరో కుర్చీ ఈడ్చారు. సంఘ పెద్ద భార్య చప్పున వచ్చి వేలు పెదాల మీద పెట్టింది. తానే ఒక కుర్చీ రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా ఇంకొకదాని మీద దించింది. తరువాత మరొకరు. తరువాత అందరూ. వంద కుర్చీలు, ఒక్కొక్కటిగా ఎత్తి, పసిపిల్లను దించినట్టు దించారు. మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేతుల్లో పట్టుకున్నారు. తల్లి మాత్రం కదల్లేదు. ఒక చెయ్యి కొడుకు నుదుటి మీద. చూపు తలుపు మీద. సంత్రీ నిలబడ్డట్టే కూర్చుంది.